కడుపు నిలవని రోజున ఏ తలుపు తట్టాలి?

మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో అద్దెకుండే ఒక ఉద్యోగినికి మూడో నెల నడుస్తోందనుకుందాం. రాత్రి పదకొండింటికి రక్తం కనిపించింది. ఎక్కడికి వెళ్లాలి? నెలనెలా చూపించుకునే డాక్టరమ్మ ఎనిమిదికల్లా ఓపీ ముగించి వెళ్లిపోయింది. ఎమర్జెన్సీకి వెళ్తే అక్కడి డ్యూటీ డాక్టరు గైనిక్ వాళ్లకు కబురు పెట్టాలి. గైనిక్ డాక్టరు లేబర్ రూమ్‌లో ఎవరికో కాన్పు చేస్తూ ఉంటుంది. స్కాన్ చేసే మనిషి పొద్దున్న కాని రాకపోవచ్చు. ఈలోపు ఆమె ఒక స్ట్రెచర్ మీద, తెర లాగిన మూలలో, మగవాళ్లూ జ్వరాలవాళ్లూ యాక్సిడెంట్ కేసులూ ఉన్న హాల్లో కూర్చుని భర్త మొహం చూస్తూ ఉంటుంది.

ఆసుపత్రులు లేక కాదు. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటికి చుట్టూ రాళ్లగుట్టలే. ఇప్పుడు మాదాపూర్‌లో మెడికవర్, హైటెక్ సిటీలో యశోద, కేర్, కొండాపూర్‌లో కిమ్స్, రెయిన్‌బో, అపోలో క్రేడిల్, నానక్‌రామ్‌గూడ వైపు కాంటినెంటల్, వీటి మధ్య కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రి, ఇవి కాక సందుసందునా స్కానింగ్ సెంటర్లు, సంతాన సాఫల్య కేంద్రాలు. ఇంత చిన్న చుట్టుకొలతలో ప్రసూతి పడకలకు కొదవే లేదు. వాటిని కట్టింది కాన్పు కోసం. గర్భం నిలవని స్త్రీకి మన ఆసుపత్రుల్లో యంత్రాలు ఉన్నాయి, మందులు ఉన్నాయి, చదువుకున్న డాక్టర్లు ఉన్నారు. వీటన్నిటినీ కలుపుతూ ఆమెకంటూ వేసిన దారి లేదు. ఆ దారి వేయడానికి కొత్త భవనాలు అక్కర్లేదు, పెద్ద ఖర్చూ అక్కర్లేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే.

ఇది అరుదైన కష్టం అనుకుంటే ఈ నిర్లక్ష్యాన్ని అర్థం చేసుకోవచ్చు. కాని అరుదు కాదు. 2021 ఏప్రిల్‌లో లాన్సెట్ వైద్య పత్రిక గర్భస్రావం మీద వరుసగా మూడు వ్యాసాలు వేసింది. ప్రపంచవ్యాప్తంగా ఏటా 2 కోట్ల 30 లక్షల గర్భాలు పోతున్నాయని, అంటే నిమిషానికి 44 అని, తెలిసిన గర్భాల్లో దాదాపు నూటికి 15 ఇలా ముగుస్తున్నాయని అందులో లెక్కగట్టారు. వయసుతో ఇది పెరుగుతుంది. నార్వేలో 2019లో వెలువడిన పెద్ద అధ్యయనంలో ఇరవయ్యేళ్ల చివర్లో ఉన్నవారికి నూటికి 10 దగ్గర ఉన్న ముప్పు, నలభై అయిదు దాటినవారికి సగం దాటింది. చదువు, ఉద్యోగం, ఇంటి లోను, ఆ తర్వాతే పిల్లలు అనుకునే ఈ ప్రాంతంలో ముప్పైల్లో మొదటి గర్భం మామూలు సంగతి. కాబట్టి ఇక్కడి ఏ పెద్ద ఆఫీసు అంతస్తులోనైనా ఈ బాధ దాటి వచ్చి మౌనంగా పనిచేసుకుంటున్న స్త్రీలు ఉండే ఉంటారు.

ఇంకో మార్పు కూడా జరిగింది. మన అమ్మమ్మల కాలంలో నెల తప్పిన పదిహేను రోజులకు బహిష్టు గట్టిగా వస్తే ఆలస్యమైందనుకుని ఊరుకునేవాళ్లు. ఇప్పుడు మందుల షాపులో కిట్ కొని నాలుగో వారానికే తెలుసుకుంటున్నారు. ఆరో వారంలో స్కాన్, ఏడో వారంలో గుండె చప్పుడు. అంత దగ్గరగా చూసినది పోతే అది "ఏదో తేడా చేసింది" అనే మాటతో సర్దుకుపోయే నష్టం కాదు. ఐవీఎఫ్ చేయించుకున్నవాళ్లకైతే రెండేళ్ల ఇంజెక్షన్లూ లక్షల అప్పూ దాని వెనక ఉంటాయి. అయినా మన అలవాటు ప్రకారం మూడు నెలలు నిండేదాకా ఎవరికీ చెప్పరు. చెప్పని శుభవార్త పోతే ఓదార్చడానికి వచ్చేవాళ్లూ ఉండరు. అందుకే ఆసుపత్రి మీద భారం ఎక్కువ పడుతుంది. చాలామంది విషయంలో ఆ బాధకు సాక్షి ఆసుపత్రి ఒక్కటే.

రక్తం కనిపించిన ప్రతి గర్భమూ పోదు. చాలా గర్భాలు నిలుస్తాయి. కాని ఆ రాత్రి చూడకుండా పంపించేయడానికీ వీల్లేదు. గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో పెరుగుతున్నవి నూటికి ఒకటి రెండు ఉంటాయి. అది పగిలితే కడుపులోపల రక్తం పోయి ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి మొదట తేల్చాల్సింది గర్భం ఎక్కడ ఉందన్నది, తర్వాత ఎలా ఉందన్నది. దానికి కావాల్సినవి నాడి, బీపీ, రక్తం గ్రూపు, బీటా హెచ్‌సీజీ పరీక్ష, లోపలి నుంచి చేసే స్కాన్. ఇవన్నీ ఒకే గదిలో, ఒకే పూటలో జరిగేలా బ్రిటన్‌లో 1990ల నుంచీ తొలి నెలల గర్భం యూనిట్లు నడుపుతున్నారు. కాన్పుల వార్డుకు దూరంగా ఒక చిన్న గది, ఒక స్కాన్ యంత్రం, ఇందులోనే శిక్షణ పొందిన నర్సు. చాలాచోట్ల నొప్పి గాని రక్తం గాని ఉన్న గర్భిణి నేరుగా ఫోన్ చేసి రావచ్చు. అక్కడ వైద్య ప్రమాణాలు సూచించే నైస్ సంస్థ మార్గదర్శకాలు ఈ సేవ వారానికి ఏడు రోజులూ ఉండాలంటాయి. మన ఐటీ కారిడార్‌లోని ఏ మధ్యతరహా ఆసుపత్రి అయినా ఇప్పుడున్న సరంజామాతో రేపే మొదలుపెట్టగలిగిన పని ఇది.

స్కాన్ గది గురించి కాస్త ఆగి చెప్పాలి. ఎక్కువమందికి సంగతి తెలిసేది అక్కడే. స్కాన్ చేసేవారు తెర తమ వైపు తిప్పుకుంటారు, మాట తగ్గిపోతుంది, "మీ డాక్టరు చెప్తారు" అంటారు. ఆమె పొట్ట మీది జెల్ తుడుచుకుని, ఏడో నెల పొట్టలతో సంతోషంగా కూర్చున్నవాళ్ల మధ్యకు వచ్చి, రిపోర్టు టైపయ్యేదాకా ఎదురుచూస్తుంది. కవరు తెరిచి ఇంగ్లిష్‌లో ఉన్న రెండు వాక్యాలు ఫోన్‌లో వెతుక్కుని తెలుసుకునేవాళ్లు ఎందరో. దీన్ని మార్చడానికి పైసా ఖర్చు లేదు. రక్తస్రావంతో వచ్చినవాళ్లకు ఉదయం మొదటి అరగంట కేటాయించడం, లోపలికి భర్తనో తల్లినో రానివ్వడం, కనిపించింది కనిపించినట్టు ఆ గదిలోనే మెల్లగా చెప్పడం, రిపోర్టు అక్కడే చేతికిచ్చి వేరే తలుపు గుండా పంపడం, అంతే. లింగనిర్ధారణ నిషేధ చట్టం వల్ల స్కాన్ గదిలో మాట్లాడటానికి జంకుతున్నామని కొందరంటారు. ఆ చట్టం ఆపేది ఆడా మగా అన్న ఒక్క మాటనే. గుండె కొట్టుకోవడం లేదని చెప్పడాన్ని ఆపదు.

తొందరపాటు కూడా ఇక్కడే మొదలవుతుంది. గర్భం పోయిందని స్కాన్ మీద తేల్చడానికి అంతర్జాతీయంగా ఒప్పుకున్న కొలతలున్నాయి. పిండం పొడవు 7 మిల్లీమీటర్లో అంతకు మించో ఉండి గుండె కొట్టుకోకపోవాలి, లేదా సంచి సగటు వ్యాసం 25 మిల్లీమీటర్లకు చేరినా లోపల పిండం కనిపించకపోవాలి. అంతకంటే చిన్నగా ఉంటే వారం పది రోజులాగి మళ్లీ చూడాల్సిందే. నెలసరి క్రమంగా రానివాళ్లకు తేదీల లెక్క వారం రెండు వారాలు తప్పడం సర్వసాధారణం. "హార్ట్‌బీట్ రాలేదు, ఇవాళే డి అండ్ సి చేసేద్దాం" అనే మాట ఈ కొలతలు చూడకుండా ఎక్కడ వినిపించినా, రెండో స్కాన్ అడిగే హక్కు ఆమెకుంది. ఆ వారం ఎదురుచూపు నరకమే, కాదనను. కాని బతికున్న గర్భాన్ని పొరపాటున తీసేయడం కంటే ఆ నరకం నయం.

పోయిందని ఖాయమయ్యాక దారులు మూడు. దానంతటదే పడిపోయేదాకా ఆగడం, మందులు వాడటం, చిన్న ఆపరేషన్. రక్తం మరీ పోకుండా, జ్వరం లేకుండా ఉంటే తొలి నెలల్లో ఈ మూడూ సురక్షితమే. ఏది కావాలో ఎంచుకోవాల్సింది ఆమె. నొప్పి ఇంట్లో భరించగలనా, హాస్టల్లో ఉమ్మడి బాత్‌రూమ్‌తో వేగగలనా, పక్కన ఎవరుంటారు, ఎల్లుండి ఊరికి వెళ్లాలా అన్నవి ఆమెకే తెలుసు. మన దగ్గర తరచుగా జరిగేది మాత్రం ఒక్క దారే చూపించి సంతకం పెట్టించుకోవడం. ఆ సంతకం కూడా భర్త చేత పెట్టిస్తారు. మేజరైన స్త్రీకి చేసే చికిత్సకు ఆమె అనుమతే అనుమతి. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో ఇచ్చిన తీర్పు, చికిత్స ఏమిటో, దానికి ప్రత్యామ్నాయాలేమిటో, ముప్పు ఏమిటో రోగికి తెలిపి తీసుకున్నదే నిజమైన అనుమతి అని స్పష్టం చేసింది. ఆ కేసు కూడా ఒక గైనిక్ ఆపరేషన్ గురించినదే.

డి అండ్ సి అనే పేరు మనలో ఎంత నాటుకుపోయిందంటే ఏ పద్ధతిలో చేసినా అదే పేరుతో పిలుస్తాం. అసలు డి అండ్ సి అంటే గర్భసంచి నోరు వెడల్పు చేసి క్యూరెట్ అనే లోహపు పరికరంతో గోడలను గీకడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని కాలం చెల్లిన పద్ధతి అని 2012లోనే చెప్పింది. దాని బదులు గాలి పీడనంతో లాగే వాక్యూమ్ పద్ధతి వాడమంది. చేత్తో పట్టుకునే ఒక సిరంజితో, ఆ భాగం వరకే మత్తిచ్చి, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. కరెంటు కూడా అక్కర్లేదు. లోపలి పొర దెబ్బతిని తర్వాతి గర్భానికి అడ్డుపడే ముప్పు గీకడంలో ఎక్కువ, దీనిలో తక్కువ. కాబట్టి ఆసుపత్రికి వెళ్లినవాళ్లు అడగాల్సిన ప్రశ్న సింపుల్: మీరు చేసేది వాక్యూమా, క్యూరెటా?

మందుల దారిలో మన దగ్గర విచిత్రమైన ఇబ్బంది ఉంది. మిసోప్రోస్టాల్ ఒక్కటే వాడటం కంటే ముందు మిఫెప్రిస్టోన్ ఇచ్చి తర్వాత అది వాడితే బాగా పనిచేస్తుందని 2020లో బ్రిటన్‌లో 711 మందితో చేసిన మిఫెమిసో పరిశోధన చూపించింది. వారంలో గర్భం పడిపోయినవాళ్లు నూటికి 83, ఒక్క మందుతో 76. ఇవే మందులు గర్భం తీసేయించుకోవడానికీ వాడతారు కాబట్టి వాటి చుట్టూ భయం అల్లుకుంది. చీటీ చేతిలో ఉన్నా తెలియని షాపుకు వెళ్తే అనుమానంగా చూసే చూపు, "ఇవి మా దగ్గర లేవు" అనే మాట ఎదురుకావచ్చు. బిడ్డ కావాలనుకుని పోగొట్టుకున్న మనిషికి ఆ చూపు తగలకూడదు. ఆసుపత్రి ఫార్మసీ నుంచే మందు, దాంతోపాటు సరిపడా నొప్పి మాత్రలు ఇచ్చి పంపితే ఈ చిక్కే రాదు. నొప్పి సంగతి కూడా దాచకుండా చెప్పాలి. "నెలసరి నొప్పిలాగే ఉంటుంది" అని చెప్పి పంపిస్తారు. చాలామందికి అది అంతకు మించి, కాన్పు నొప్పిలా మెలితిప్పే నొప్పి. ముందే తెలిస్తే సిద్ధపడతారు. తెలియక ఒంటరిగా బాత్‌రూమ్‌లో కుప్పకూలినవాళ్లకు ఆ భయం ఏళ్లపాటు పోదు. గంటకు రెండు ప్యాడ్లు నిండుతూ రెండు గంటలు దాటినా, జ్వరం వచ్చినా, చెడు వాసన వేసినా వెంటనే రావాలని, ఏ నంబరుకు ఫోన్ చేయాలో తెలుగులో రాసిన ఒక్క కాగితం ఆ మందుల కవరులో ఉండాలి. హిందీలోనూ ఒడియాలోనూ కూడా ఉండాలి. ఈ టవర్లు కడుతున్న చేతులు ఆ భాషలు కూడా మాట్లాడతాయి.

జ్వరం మాట ఎందుకంటున్నానంటే, మన పక్క రాష్ట్రంలోని బెళగావి నుంచి వెళ్లి ఐర్లండ్‌లో దంతవైద్యురాలిగా స్థిరపడిన సవితా హలప్పనవర్ గాల్వే ఆసుపత్రిలో 2012 అక్టోబర్ 28న చనిపోయింది. పదిహేడో వారం గర్భం. అది నిలవదని తేలిపోయింది. అయినా పిండం గుండె కొట్టుకుంటోందని, అక్కడి చట్టం ఒప్పుకోదని గర్భం తీయలేదు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. ఆ మరణం కదిలించిన దేశం 2018లో రాజ్యాంగాన్నే మార్చుకుంది. మన చట్టంలో ఆ చిక్కు లేదు. 1971 నాటి వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టం అయిదో సెక్షన్ ప్రకారం తల్లి ప్రాణం కాపాడటానికి తక్షణం అవసరమైతే వారాల పరిమితీ, ఇద్దరు డాక్టర్ల అభిప్రాయమూ అడ్డు కావు. అయినా కేసు ఏమవుతుందోనన్న జంకుతో నాలుగో నెల, అయిదో నెల గర్భిణిని ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి పంపడం జరిగితే, ఔటర్ రింగ్ రోడ్డు మీద పోయే ప్రతి గంటా ఆమె ప్రాణంలోంచి పోయేదే. ఉమ్మనీరు ముందే పోయిన గర్భిణిని ఎంతసేపటికోసారి చూడాలి, ఎప్పుడు ఆగకూడదు అన్నది ప్రతి ఆసుపత్రీ గోడ మీద రాసి పెట్టుకోవాల్సిన విషయం.

ఎందుకు పోయింది అన్న ప్రశ్నకు ఇంట్లో జవాబులు సిద్ధంగా ఉంటాయి. బొప్పాయి తిన్నావు, స్కూటీ నడిపావు, గ్రహణం నాడు బయటికి వచ్చావు, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నావు. వైద్యం చెప్పేది వేరు. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగమో అంతకంటే ఎక్కువో క్రోమోజోముల లెక్క తప్పడం వల్లే పోతాయి. అది గర్భం కట్టిన రోజే జరిగిపోయింది. ఆమె చేసిందీ చేయనిదీ ఏమీ లేదు. ఈ మాట డాక్టరు నోటి నుంచి, అత్తగారూ భర్తా ఎదురుగా ఉండగా రావాలి. కేసుషీట్‌లో రాసే ఏ మందు కన్నా అది ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

పనికీ దీనికీ సంబంధమే లేదని కూడా అనలేం. డెన్మార్క్‌లో 22 వేలకు పైగా ఉద్యోగినుల రికార్డులు పరిశీలించి 2019లో వెలువరించిన అధ్యయనంలో, ఎనిమిదో వారం దాటాక ఒక వారంలో రెండో అంతకంటే ఎక్కువో రాత్రి షిఫ్టులు చేసినవాళ్లకు ఆ తర్వాతి వారంలో గర్భస్రావం ముప్పు 32 శాతం ఎక్కువగా కనిపించింది. ఏ ఒక్కరి విషయంలోనూ ఇదే కారణమని దీన్ని పట్టుకుని చెప్పకూడదు. కాని అమెరికా గడియారానికి తగ్గట్టు నడిచే ఈ ఊళ్లో గర్భిణికి షిఫ్టు మార్చమని అడగడం గొంతెమ్మ కోరిక కాదని చెప్పడానికి ఇది చాలు. ఆ చీటీ రాయాల్సింది గైనకాలజిస్టే.

మరోవైపు చేయాల్సిన దానికంటే ఎక్కువ చేసే అలవాటు ఉంది. రక్తం చుక్క కనిపించగానే మంచం దిగొద్దంటారు, ప్రొజెస్టిరాన్ ఇంజెక్షన్లు మొదలుపెడతారు. మంచం మీద పడుకోబెట్టడం గర్భాన్ని కాపాడుతుందనడానికి ఆధారం దొరకలేదు. ప్రొజెస్టిరాన్ సంగతి 2019లో వచ్చిన ప్రిజమ్ పరిశోధన తేల్చింది. రక్తస్రావమైన నాలుగు వేల మందికి పైగా స్త్రీలను పరిశీలిస్తే మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతకుముందు గర్భాలు పోయి, ఇప్పుడు రక్తం కనిపించినవాళ్లకు మాత్రం మేలు చేసింది. మూడో అంతకంటే ఎక్కువో పోయినవాళ్లలో బిడ్డ పుట్టినవారు మందు వాడితే నూటికి 72, వాడకపోతే 57. అంటే అది కొందరికి నిజంగా కావాల్సిన మందు. అందరికీ రాసేస్తే అవసరమైనవాళ్లను గుర్తుపట్టడమే మరిచిపోతాం. అలాగే కొందరికే కావాల్సిన ఇంకో చికిత్స, నాలుగు, అయిదు నెలల్లో గర్భసంచి నోరు వదులై పోయే గర్భాలకు వేసే కుట్టు 1955లో బొంబాయి డాక్టరు వి.ఎన్. షిరోద్కర్ ప్రపంచానికి చూపించింది. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఈ విషయంలో మన దేశం నేర్చుకోవడమే కాదు, నేర్పింది కూడా.

పోయిన పిండాన్ని ఏం చేస్తారు? అడగడానికి ఎవరికీ నోరు రాని ప్రశ్న ఇది. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం, బయట బతికే వయసు రాని పిండం మానవ శరీర భాగాల కిందికి వస్తుంది. పసుపు పచ్చ సంచిలో వేసి, కాల్చేయడానికి ఉమ్మడి కేంద్రానికి పంపుతారు. ఇన్ఫెక్షన్ల దృష్ట్యా ఆ నియమం అవసరమే. కాని నాలుగో నెలలో, అయిదో నెలలో వేళ్లూ మొహమూ ఏర్పడిన బిడ్డను కని, ఒకసారి చూస్తామా అని అడిగే తల్లిదండ్రులకు ఆసుపత్రి ఏం చెప్పాలో ఎక్కడా రాసి లేదు. కొందరు నర్సులు మనసుతో గుడ్డలో చుట్టి చూపిస్తారు. కొన్నిచోట్ల ట్రేలో పెట్టి తీసుకెళ్లిపోతారు. మనవాళ్లలో పసిబిడ్డలను దహనం చేయరు, పూడుస్తారు. ఆ కోరిక ఉన్నవాళ్లకు దారి చూపే ఒక పద్ధతిని ప్రభుత్వం రాసి ఇవ్వాలి. కారణం తెలుసుకునే జన్యుపరీక్షకు పంపాలంటే ఫార్మలిన్‌లో వేయకముందే అడగాలి. ఆ మాట కూడా ముందుగా ఎవరూ చెప్పరు. కాగితం విషయానికొస్తే, మన జనన మరణాల నమోదులో చనిపోయి పుట్టిన బిడ్డకు చోటుంది, అది 28 వారాలు నిండితేనే. ఆలోపు పోయిన బిడ్డకు అందులో పంక్తి లేదు. ఇంగ్లండ్‌లో 2024 ఫిబ్రవరి నుంచి 24 వారాలలోపు పోయిన గర్భానికి, తల్లిదండ్రులు కోరుకుంటే, ఒక ధ్రువపత్రం ఇస్తున్నారు. దానివల్ల చట్టపరంగా ఏ లాభమూ లేదు. అయినా అడిగి తీసుకుంటున్నారు.

మనసు గురించి లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2020లో ప్రచురించిన లెక్కలు చాలు. తొలి నెలల్లో గర్భం పోయిన స్త్రీలలో నెల తర్వాత నూటికి 29 మందిలో పెను విపత్తులు చూసినవాళ్లకు వచ్చే తరహా మానసిక ఒత్తిడి లక్షణాలు కనిపించాయి. తొమ్మిది నెలల తర్వాత కూడా 18 మందిలో ఉన్నాయి. మన డిశ్చార్జి చీటీలో ఐరన్ మాత్రలు ఉంటాయి, యాంటీబయాటిక్ ఉంటుంది, ఈ సంగతి ఉండదు. కేంద్రం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ అయిదంకెలు చీటీ కింద అచ్చు వేయడానికి ఏ అనుమతీ అక్కర్లేదు. భర్తను కూడా కూర్చోబెట్టి రెండు మాటలు మాట్లాడాలి. బిల్లు కట్టి, మందులు తెచ్చి, ఆఫీసుకు మెసేజ్ పెట్టి, ఏడవడానికి చోటులేక పార్కింగ్‌లో కారులో కూర్చుండిపోయే మగవాళ్లు కూడా ఈ కష్టంలో భాగమే.

బిల్లు అన్నాను కాబట్టి డబ్బు గురించి. సొంతంగా తీసుకునే ఆరోగ్య బీమా పాలసీల్లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ప్రామాణికం చేసిన మినహాయింపుల జాబితా ఉంటుంది. అందులో 18వది ప్రసూతి. ప్రమాదం వల్ల జరిగినది తప్ప గర్భస్రావం ఖర్చు ఇవ్వనవసరం లేదని అందులోనే ఉంది. ట్యూబులో పెరిగిన గర్భానికి మాత్రం ఆ మినహాయింపు వర్తించదు. ప్రసూతి కవరు విడిగా కొనుక్కుంటే, నిరీక్షణ కాలం గడిస్తే కాస్త వస్తుంది. కంపెనీలు ఉద్యోగులకిచ్చే గ్రూపు బీమాలో తరచుగా ప్రసూతికి పరిమితి పెట్టిన మొత్తంలోనే ఇదీ కలిసి ఉంటుంది. ఎవరి చేతుల్లోనూ లేని ఒక జీవప్రక్రియను ఎంపిక చేసుకున్న ఖర్చుగా లెక్కవేయడం అన్యాయం, దీన్ని ఐఆర్‌డీఏఐ మార్చాలి.

సెలవు విషయంలో చట్టం మనకంటే ముందుంది. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం గర్భస్రావమైన మర్నాటి నుంచి ఆరు వారాలు జీతంతో సెలవు ఉండేది. 26వ వారం వరకూ ఎప్పుడు పోయినా ఇది వర్తించేది. దానివల్ల ఆరోగ్యం చెడితే పదో సెక్షన్ కింద ఇంకో నెల. పదిమంది పనిచేసే ఏ సంస్థకైనా ఇది వర్తించేది. 2025 నవంబర్‌లో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ ఆ ఆరు వారాలు అలాగే ఉన్నాయి. న్యూజిలాండ్ 2021లో మూడు రోజుల సెలవు ఇస్తే ప్రపంచ పత్రికలన్నీ రాశాయి. మన దగ్గర అరవై ఏళ్లుగా ఆరు వారాలున్నా ఆ హక్కున్నవాళ్లకే తెలియదు. ఉద్యోగంలో చేరేటప్పుడే ఈ ప్రయోజనాలన్నీ స్త్రీకి రాతపూర్వకంగా తెలపాలని 2017 సవరణ చెప్పింది. ఆఫర్ లెటర్ల కట్టలో అది ఎక్కడుందో వెతకాలి. తెలిసినవాళ్లు కూడా మేనేజరుకు చెప్పలేక మూడు రోజులు సిక్ లీవు పెట్టి, నాలుగో రోజు కెమెరా ఆపుకుని మీటింగ్‌లో కూర్చుంటారు. అడగకపోయినా ఆసుపత్రి ఆ ధ్రువపత్రం రాసి చేతిలో పెడితే, వాడుకోవాలా వద్దా అన్నది ఆమె నిర్ణయించుకుంటుంది. హెచ్‌ఆర్ విభాగం ఆ కాగితాన్ని మేనేజరుకు చూపకుండా తనవద్దే ఉంచుకునే ఏర్పాటు కూడా ఉండాలి.

ఇప్పటిదాకా చెప్పినదంతా ఏసీ గదుల్లో కూర్చునే ఉద్యోగినుల గురించే అనిపించవచ్చు. అదే టవర్‌లో నేల తుడిచే మనిషి, లిఫ్టు దగ్గర తనిఖీ చేసే సెక్యూరిటీ అమ్మాయి, క్యాంటీన్‌లో ప్లేట్లు కడిగే ఆమె కూడా గర్భిణులవుతారు. నెలజీతం 21 వేల రూపాయలలోపు ఉన్నవాళ్లకు ఈఎస్ఐ ఉంటుంది, దానిలోనూ గర్భస్రావానికి ఆరు వారాల వేతనం ఉంది. కాని దానికోసం మాదాపూర్ నుంచి సనత్‌నగర్ వెళ్లాలి, ఏజెన్సీ చందా కట్టి ఉండాలి, సూపర్‌వైజర్ సంతకం పెట్టాలి. రోజుకూలీకి అదీ లేదు. పాలమూరు నుంచీ ఒడిశా నుంచీ వచ్చి కట్టడాల దగ్గర రేకుల షెడ్లలో ఉండే స్త్రీలకు కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రే దిక్కు. అక్కడి డాక్టర్ల చేతినిండా కాన్పులే. 2017 జూన్‌లో తెలంగాణలో మొదలైన కేసీఆర్ కిట్ పథకం ఎంతోమందిని ప్రభుత్వ ఆసుపత్రి గడప తొక్కించింది, ఆడబిడ్డ పుడితే 13 వేలు, మగబిడ్డకు 12 వేలు ఇచ్చింది. ఆ వాయిదాలు పరీక్షలకూ కాన్పుకూ బిడ్డ టీకాలకూ ముడిపడ్డవి. మధ్యలో గర్భం పోయినామె రక్తం పోయి, కూలి పోయి, ఆ లెక్కలోంచి జారిపోయేది. ఇలాంటి పథకాలు మళ్లీ రాసేటప్పుడు ఆమెకూ ఒక వాయిదా రాయాలి.

ఈ దారి నడపడానికి శిక్షణ ఉన్న మనుషులు ఎక్కడి నుంచి వస్తారంటే, తెలంగాణకు ఒక వెసులుబాటు ఉంది. 1948లో మొదలైన ఫెర్నాండెజ్ ఆసుపత్రి మిడ్‌వైఫరీ శిక్షణలో దారి చూపింది. ఆ సంస్థతో కలిసి 2017లో కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకు మిడ్‌వైఫరీ కోర్సు మొదలైంది. అక్కడ శిక్షణ పొందినవాళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పుల దగ్గర పనిచేస్తున్నారు. వాళ్లకు గర్భస్రావం సంరక్షణలో అదనపు శిక్షణ ఇచ్చి, కొండాపూర్‌లో ఒక గది, ఒక స్కాన్ యంత్రం, వాక్యూమ్ సిరంజిలు, ఒక ఫోన్ నంబరు ఇస్తే చాలు. లాన్సెట్ వ్యాసాలు సూచించిన మెట్ల పద్ధతి కూడా ఇలాంటి నర్సు చుట్టూ తిరిగేదే. మొదటి గర్భం పోయినప్పుడే సమాచారం, మాట సాయం. రెండోది పోతే నర్సుతో అపాయింట్‌మెంట్, థైరాయిడ్ వంటి ప్రాథమిక పరీక్షలు. మూడోదైతే నిపుణుల దగ్గర పూర్తి పరీక్షలు. మన దగ్గర మూడోసారి పోయేదాకా ఎవరూ ఏమీ అడగరు, లేకపోతే మొదటిసారికే పాతిక వేల రూపాయల పరీక్షల జాబితా రాస్తారు.

కార్పొరేట్ ఆసుపత్రులు ప్రభుత్వం కోసం ఆగనక్కర్లేదు. డి అండ్ సి బిల్లులో కన్సల్టేషన్లకు ఇంత, థియేటర్‌కు ఇంత అని వేసే పంక్తుల పక్కన రెండు వారాల తర్వాతి సందర్శన రుసుము లేకుండా కలపాలి. ఆ అపాయింట్‌మెంట్ గర్భిణుల ఓపీ సమయంలో కాక మధ్యాహ్నం పెట్టాలి. అదే డాక్టరు చూడాలి, కనీసం పావుగంట. రక్తస్రావం ఆగిందా, నిద్ర పడుతోందా, ఇంట్లో ఎవరైనా ఏమైనా అంటున్నారా, ఆరు వారాల సెలవు ధ్రువపత్రం చేరిందా, రక్తం గ్రూపు నెగెటివ్ అయితే అవసరమైన ఇంజెక్షన్ పడిందా అన్నవి ఆ పావుగంటలో అడగాలి. మళ్లీ ఎప్పుడు ప్రయత్నించవచ్చు అన్నది ఆమె అడిగితేనే చెప్పాలి, ఆమె అడగకముందు కాదు.